నేను టిక్కు పెట్టిన చెట్లు, కొట్టేసిన పేర్లు

ముందు వార్త చెప్పేస్తాను. అది చెప్పకుండా మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు. నిన్న ఉదయం మా ఇంటికి ఒక బస్తా కొబ్బరికాయలు వచ్చాయి.

కోనసీమలో ఇంటికి కొబ్బరికాయలు రావడం కూడా వార్తేనా అని మీరు నవ్వుకోవచ్చు. మా ఆవిడా అదే అంది. "మన పెరట్లోవే కొనేవాడు లేక కుళ్ళిపోతున్నాయి. ఇవెవరు పంపేరండీ?" నేను బస్తా చుట్టూ తిరుగుతున్నాను. ఈ కాయల కోసం ఏడేళ్ళు ఎదురుచూశాను. ఎమ్మెల్యే టిక్కెట్టు కోసం కూడా అంతకాలం ఆగలేదు.

ఈమధ్య బీకాములూ సీయేలూ చదివిన కుర్రాళ్ళు, అమ్మాయిలు మా ఇంటికి వస్తున్నారు. రాజకీయాల్లోకి వెళ్దామనుకుంటున్నాం, మీ అనుభవం చెప్పండి అంటారు. పదవి ఎలా వస్తుందో ఎవరైనా చెప్తారు. నేను చెప్పగలిగింది, లెక్కలు బాగా వచ్చినవాడు ఎంత తెలివిగా వెధవపని చెయ్యగలడో. ఆ పనికీ ఈ బస్తాకీ సంబంధం ఉంది.

నన్నెందుకు నిలబెట్టారంటే

మా నాన్న కొబ్బరి రాశుల దగ్గర కాయలు ఒలిచేవారు. భూమిలో నిలబెట్టిన గునపం మీద కాయ గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు ఊడదీసేవారు. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. అమలాపురంలో బీకాం పాసైన రోజు నాన్న రాశి దగ్గర ఊరంతా వినేలా చెప్పారట. "బీకాం అంటే ఏం చేత్తాడ్రా?" అని షావుకారు అడిగారు. "మీ లెక్కల్లో తప్పులు పడతాడండీ" అన్నారు నాన్న. ఆ వారం ఆయనకి పని ఇవ్వలేదు.

తరవాత సీయే నాలుగో దండయాత్రలో పాసయ్యాను. ఇరవై ఏళ్ళు కొబ్బరి వర్తకుల లెక్కలు, రైసు మిల్లుల లెక్కలు చూశాను. ఎన్నికలప్పుడు ఒక పార్టీకి ఖర్చుల పద్దు రాసిపెట్టేవాణ్ణి. అదే నా రాజకీయానుభవం.

ఒకసారి ఆ పార్టీలో ఇద్దరు నాయకులు టిక్కెట్టు కోసం కొట్టుకున్నారు. ఎవరికిచ్చినా రెండోవాడు ఓడిస్తాడు. జిల్లాలో పార్టీని నడిపే సీనియర్ నాయకుణ్ణి మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. ఆయన నన్ను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, చాలాసేపు పైనుంచి కిందకి చూశారు.

"నువ్వు నిలబడతావయ్యా."

"నేనాండీ? నన్నెవరు ఎరుగుదురండీ?"

"అందుకే. నువ్వెవరో తెలిస్తే కదా నిన్ను తిట్టుకోడానికి."

ఆ ఏడు మా పార్టీ గాలి గట్టిగా వీచింది. గాలికి ఎండుటాకులు లేస్తాయి. అలా లేచిన ఆకుల్లో నేనొకణ్ణి. గెలిచిన మర్నాడు మాత్రం ఇదంతా నా తెలివేనని నమ్మేశాను. గెలిచిన ప్రతివాడూ నమ్ముతాడు, మీరూ నమ్ముతారు. వారం రోజులు నమ్మి మానేయండి.

చెప్పులు వేసుకునేటప్పుడు

ఎమ్మెల్యే అయ్యాక నేను చేసిన మొదటి సంస్కరణ టోకెన్లు. వచ్చినవాళ్ళకి నంబరు, రిజిస్టర్లో పేరు, సమస్య ఒక్క వాక్యంలో. మనిషికి అయిదు నిమిషాలు. నాకు పీయేగా ఉన్న సూర్యారావు గారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన టోకెన్ల డబ్బా చేత్తో పట్టుకుని, "జనం ఇది బ్యాంకనుకుంటారండీ, అప్పులడుగుతారు" అన్నారు.

అప్పులడగలేదు గానీ, అసలు ఏమీ అడగలేదు. మా వైపు మనిషి వచ్చి కూర్చుంటే ముందు "భోజనాలయ్యాయాండీ" అంటాడు. తరవాత వాన సంగతి, కాయ ధర, మీ మావయ్యగారి మోకాలు. అయిదు నిమిషాలయ్యేసరికి మోకాలి దగ్గరే ఉంటాడు. నేను గడియారం చూస్తే లేచి, "ఆయ్, మరి వత్తానండీ" అని వెళ్ళిపోతాడు. మూడు నెలల్లో నా రిజిస్టర్లో రెండొందల మోకాళ్ళు చేరాయి.

కిటుకు సూర్యారావు గారు చెప్పారు. "మనోళ్ళు అసలు మాట కుర్చీలో చెప్పరండీ. గుమ్మం దాటి చెప్పులేసుకుంటా చెప్తారు. మీరు లేచి గుమ్మం దాకా వెళ్ళండి."

వెళ్ళాను. నిజమే. ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది వెతుక్కుంటూ, "అన్నట్టు బాబుగారండీ, మా పిల్లదానికి పింఛను ఆగిపోయిందండీ" అంటారు. నా ఆఫీసు మొత్తం ఆ నాలుగడుగుల అరుగు మీదే నడిచింది. కొత్తవాళ్ళకి నేనిచ్చే సలహాల్లో ఖరీదైనది ఇదే: మనిషిని చెప్పుల దాకా సాగనంపండి.

ఆస్తి కనిపించలేదు

మొదటి ఏడాదిలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. మా నియోజకవర్గంలో పాయలంక అని ఒక ఊరుంది. లంక అంటే తెలుసుగా, చుట్టూ గోదావరి, మధ్యలో ఊరు, పడవ తప్ప దారి లేదు. ఆ వరదకి లంక తూర్పు వైపు కోసుకుపోయింది. నీళ్ళు తీశాక ఒడ్డు చూస్తే, కేకు ముక్క కోసినట్టుంది.

ఇళ్ళు పోయినవాళ్ళకి ఇవతలి గట్టున ఇళ్ళ స్థలాలు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. లంక వీఆర్వో తిరిగి జాబితా రాసుకొచ్చాడు. ఆ కాగితాలు చూడగానే నాలో ఆడిటర్ లేచి కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో నేను చూసిన ప్రతి జాబితాలోనూ దొంగపేర్లున్నాయి. దీన్లో మాత్రం ఎందుకుండవు? ఆడిట్‌లో ఒక పద్ధతుంది. పుస్తకంలో యంత్రం ఉందని రాస్తే, వెళ్ళి యంత్రాన్ని కళ్ళతో చూసి రావాలి. నేను ఇంజను పడవెక్కి, ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని పాయలంక వెళ్ళాను.

పేరు చదవడం, "ఏదీ, ఇల్లు చూపించండి" అనడం. గోడ కూలి ఉంటే టిక్కు. పునాది మిగిలి ఉంటే టిక్కు. కనీసం విరిగిన కొబ్బరి మొదలు చూపించినా టిక్కు. ఇరవై మూడు పేర్ల దగ్గర జనం గోదావరి వైపు చెయ్యి చూపించారు. అక్కడ నీళ్ళున్నాయి. కాగితాలేవీ అంటే, అవీ అక్కడే అన్నారు. రెవెన్యూ రికార్డు తీయిస్తే ఆ నేల ఎప్పుడో పోయిన పెద్దల పేర్ల మీద ఉంది. వీళ్ళంతా తెల్లకాగితం మీద రాసుకుని కొనుక్కున్నారు.

ఇరవై మూడు పేర్ల ఎదురుగా "ఆస్తి కనిపించలేదు" అని ఎర్ర పెన్నుతో రాసి కొట్టేశాను. వీఆర్వో నెమ్మదిగా, "సార్, అక్కడ ఉండేవారండీ, నేనెరుగుదును" అన్నాడు. "రుజువేదయ్యా?" అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. అమలాపురంలో విలేకరుల్ని పిలిచి, ఇరవై మూడు బోగస్ పేర్లు ఏరేశానని చెప్పాను. మర్నాడు జిల్లా పేజీలో నా ఫొటో. కింద "ఆడిటర్ ఎమ్మెల్యే". ఆ కాగితాన్ని లామినేషన్ చేయించాను. ఇప్పటికీ ఉంది, మా ఆవిడ దాని మీద వేడి గిన్నెలు దించుతోంది.

తాళంచెవి

పది రోజుల తరవాత ఒక పెద్దావిడ వచ్చింది. పేరు మరియమ్మ. నేను కొట్టేసిన పేర్లలో మొదటిది. పునరావాస కేంద్రమని పేరు పెట్టిన బడి వరండాలో అప్పటికి ఆ ఇరవై మూడు కుటుంబాలూ ఉంటున్నాయి. బడి తెరవాలి కాబట్టి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. స్థలం వచ్చినవాళ్ళు అక్కడ పాకలు వేసుకుంటారు. వీళ్ళకి వెళ్ళడానికి చోటు లేదు.

ఆవిడ కూర్చోలేదు. వాన గురించీ, మోకాలి గురించీ మాట్లాడలేదు. పమిటచెంగు ముడి విప్పి నా బల్ల మీద ఒక తాళంచెవి పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"మా ఇంటిదండీ. పడవెక్కేటప్పుడు తాళమేసేను. గోదారి తాళం పగలగొట్టలేదండీ, ఇల్లే పట్టుకుపోయింది."

"అమ్మా, తాళంచెవి రుజువు కాదు..."

"ఎరుగుదునండీ. పేపర్లో సదివి చెప్పేరు, నేను బోగస్సని. డెబ్బయ్యేళ్ళొచ్చేయి, నాకే తెలీలేదు."

సూర్యారావు గారు గబగబా బయటికి వెళ్ళిపోయారు. నవ్వు ఆపుకోడానికని తరవాత చెప్పారు. ఆవిడ ఒకటే అడిగింది. "గోడ కూలినోళ్ళకి జాగా ఇచ్చేరు. ఇల్లు మొత్తం పోయినోళ్ళకి లేదన్నారు. సగం పోతే నట్టం, అంతా పోతే మోసమాండీ?"

రికార్డు చూస్తానమ్మా అని ఏదో గొణిగి, అలవాటుగా గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"మా అబ్బులునడగండి. ఆడికి తెలుసు. లంకలో ఆడెక్కని చెట్టు లేదు."

నీళ్ళలో తోట

అబ్బులు దింపు కార్మికుడు. కాళ్ళకి తాడు బందం వేసుకుని చెట్టెక్కి కాయలు దింపుతాడు, చెట్టుకింతని కూలి. నలభై అయిదు రోజులకోసారి పాయలంక తోటలన్నీ ఎక్కి దిగేవాడు. నల్లగా, ఊచలా, చెట్టు మీద నుంచి పొరపాటున దిగి మన మధ్య నిలబడినట్టు ఉంటాడు.

మర్నాడు పొద్దున్న అతన్ని పడవలో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. నడి గోదావరిలో అబ్బులు లేచి నిలబడ్డాడు. అవతలి ఒడ్డున చర్చి శిలువ, ఇవతలి ఒడ్డున నీళ్ళ ట్యాంకు. ఆ రెండూ ఒకే గీతలోకి వచ్చేదాకా పడవని అటూ ఇటూ జరిపించి, "ఇక్కడాపండి" అన్నాడు.

"ఇది మరియమ్మగారి గుమ్మమండీ."

చుట్టూ నీళ్ళు. అబ్బులు వేలు పెట్టి చూపించడం మొదలెట్టాడు. "ఇది దేశవాళీ చెట్టండీ, తూరుపుకి వొంగి ఉంటాది. పడమటేపు నుంచి ఎక్కాలి. దీని పక్కది గంగాబోండాం, పొట్టిది. మీలాంటోరు కూడా ఎక్కొచ్చు. మూడోదాని మీద చీమలండీ, కరిత్తే దద్దుర్లే..." అలా వరస చివరిదాకా వెళ్ళాడు. ఆ వరసలో పన్నెండు. ఏడోదాని మీద పిడుగు పడి మొవ్వు మాడి చెట్టు ఎండిపోయిందన్నాడు.

నేను ఊరుకుంటానా? ఆడిటర్ని. "ఇప్పుడు వెనక నుంచి చెప్పు" అన్నాను.

"ఏటండీ, దిగేటప్పుడు కూడా లెక్కెట్టమంటారా?" అన్నాడు గానీ చెప్పాడు. నేను వేళ్ళ మీద లెక్కపెడుతూ ఒకచోట పట్టుకున్నాను.

"ఆగు. ఇందాక ఏడో చెట్టు మీద పిడుగు పడిందన్నావు. ఇప్పుడు ఆరోదంటున్నావు."

అబ్బులు నన్ను చాలా జాలిగా చూశాడు. "ఎనక నుంచండీ. పన్నెండిట్లో ముందు నుంచి ఏడోది, ఎనక నుంచి ఆరోదే అవుతాదండీ. మీరు సీయే అన్నారు."

పడవ నడిపేవాడు ఇంజను వైపు తిరిగి దగ్గాడు.

మధ్యాహ్నం దాకా తిరిగాం. ఒక్కో ఇల్లూ, ఒక్కో తోటా. ఏ చెట్టు నుంచి పడి చెయ్యి విరిగిందో, ఏ ఇంట్లో మజ్జిగిచ్చేవారో, ఏ ఇంట్లో కుక్కని వదిలేవారో అన్నీ చెప్పాడు. నేను రాసుకున్నాను. ఒడ్డుకి వచ్చేసరికి నా దగ్గర ఇరవై మూడు ఇళ్ళ పటం ఉంది. చూడటానికి మాత్రం చుక్క నేల లేదు. నమ్మకం కలిగింది గానీ, నా రోగం పూర్తిగా కుదరలేదు. మనిషి జ్ఞాపకం మీద కలెక్టరు గారికి ఏమని రాయను?

దిగేటప్పుడు అడిగాను. "కూలి ఎవరిచ్చేవారు?"

"కాయ కొన్న షావుకారుగారేనండీ. వేలిముద్రేయించుకునిచ్చేవోరు." ఆ వర్తకుడి పేరు చెప్పాడు.

నేను పడవ అంచు మీద అలాగే కూర్చుండిపోయాను. ఆ వర్తకుడి లెక్కలు పన్నెండేళ్ళు ఆడిట్ చేసింది నేనే.

నా టిక్కులు

నన్ను గుమ్మంలో చూడగానే ఆ వర్తకుడి మొహం పాలిపోయింది. "మళ్ళీ ఆడిటాండీ?" అన్నాడు. కాదయ్యా అని నచ్చజెప్పి, అటక మీద నుంచి పాత ఓచర్ల కట్టలు దింపించాను. బొద్దింకలు ముందు దిగాయి.

ఉన్నాయి. "పాయలంక తూర్పు, మరియమ్మగారి తోట, దింపు కూలి." పక్కన చెట్ల సంఖ్య. అబ్బులు వేలిముద్ర. దాని పక్కన ఆకుపచ్చ పెన్సిల్‌తో ఒక టిక్కు. ఆ టిక్కు నాది. ఏటేటా, కట్ట కట్టకీ.

సంఖ్య చూస్తే పదకొండు. అబ్బులు పన్నెండు చెప్పాడు. కట్ట మళ్ళీ తిరగేస్తుంటే తెలిసింది. పిడుగు పడ్డ చెట్టెక్కడు కదా, దానికి కూలి ఎందుకిస్తారు? పిడుగుకి ముందు ఏళ్ళ ఓచర్లు తీశాను. పన్నెండు. వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇది రాసుకోండి: అబద్ధం లెక్క మొదటిసారికే అతికినట్టు సరిపోతుంది. నిజం లెక్క ఎక్కడో ఒకటి తేడా వస్తుంది, ఆ తేడాకి ఒక పిడుగు కారణం ఉంటుంది.

ఇరవై ఒక్క పేర్లు ఆ కట్టల్లో దొరికాయి. మిగతా రెండిళ్ళకి చెట్లు లేవు, గేదెలే. ఆ రెండింటి పక్కన అబ్బులు మాట మీద నేను సంతకం పెట్టాను. కాగితం లేకుండా నేను పెట్టిన సంతకాలు నా జన్మకి అవే రెండు.

అటక కింద బస్తా మీద కూర్చుని నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెట్లున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా వెళ్ళి చూడకుండా ఓచరు చూసి టిక్కు పెట్టాను. చెట్లు పోయాక మాత్రం ఓచరు అడక్కుండా చెట్టు చూపించమన్నాను.

వీఆర్వో మెడ

పెద్దాయన దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన అరటికాయ బజ్జీ తింటున్నారు. పూర్తిగా తిని, చెయ్యి తుడుచుకుని అన్నారు.

"జాబితా రాసిందెవరు?"

"వీఆర్వో అండీ."

"మరింకేం? వాడు సరిగ్గా రాయలేదు. సస్పెండు చేయించు. పేర్లు మళ్ళీ ఎక్కించు. పాపం పేదలకి న్యాయం చేసిన ఎమ్మెల్యే అని మళ్ళీ ఫొటో పడుద్ది. ఒకే పనికి రెండు ఫొటోలయ్యా, ఎవడికొస్తాయి?"

"అతను సరిగ్గానే రాశాడండీ. కొట్టేసింది నేను."

"అది నీకూ నాకూ తెలుసు. పేపరోడికి తెలీదు."

నేను ధీరుణ్ణని చెప్పుకోను. రెండు రోజులు ఆలోచించాను. వీఆర్వోకి పెళ్ళికెదిగిన చెల్లెలో, మంచాన పడ్డ తల్లో ఉంటే కథ బాగుండేది. అలాంటివేం లేవు. కొంచెం బద్ధకస్తుడు కూడా. కానీ "నేనెరుగుదును" అన్నవాడు ఆ రోజు అతనొక్కడే. అతని మెడకి తాడు తగిలిస్తే నా ఆకుపచ్చ టిక్కులన్నీ అబద్ధమైపోతాయనిపించింది. అంతకంటే పెద్ద కారణం, మరియమ్మగారి తాళంచెవి ఇంకా నా బల్ల మీదే ఉంది. ఆవిడ మరిచిపోయి వదల్లేదు.

కలెక్టరు గారికి ఓచర్ల నకళ్ళు, అబ్బులు చెప్పిన పటం, నా తప్పు నేనే రాసిన ఉత్తరం ఇచ్చాను. తరవాత విలేకరుల్ని పిలిచాను. బోగస్ పేర్లప్పుడు హాలు నిండా వచ్చారు. ఈసారి ముగ్గురొచ్చారు, అందులో ఒకాయన టిఫిన్ కోసం. "ఆ ఇరవై మూడు పేర్లు కొట్టింది నేను. వాళ్ళు బోగస్ కాదు. తప్పు నాది" అన్నాను. లోపలి పేజీలో, చేపల మేత ప్రకటన కింద, నాలుగు లైన్లు వేశారు.

బడి తెరిచే ముందురోజు పట్టాలు వచ్చాయి. ఇవతలి గట్టున ఇరవై మూడు స్థలాలు. ఆ తరవాత అబ్బులు లంకలో మిగిలిన చెట్ల కాయలు మొలకెత్తించి, ఇంటికొకటి తెచ్చి పాతాడు. నేను మరియమ్మగారికి తాళంచెవి తిరిగిచ్చాను. "ఇంక నాకెందుకండీ?" అంది. మొక్క పాతే గోతిలో పడేసి మట్టి కప్పింది.

ఓటు మా ఇష్టం

తరవాతి ఎన్నికల్లో ఓడిపోయాను. ఓడిపోవడం కాదు నన్ను కుదిపింది, ఆ కాలనీ బూత్‌లో కూడా ఓడిపోయాను. రోషమొచ్చి, ఆగలేక, కాలనీకి వెళ్ళి మరియమ్మగారినే అడిగాను. ఎవరూ చెయ్యకూడని పని ఇది.

ఆవిడ పీట వేసింది, మజ్జిగిచ్చింది. "మా పేర్లు మావే కదండీ. మీరు కొట్టేరు, మీరే పెట్టేరు. చెల్లుకి చెల్లు. ఓటు మా ఇష్టం."

ఆలోచిస్తే పద్దు సరిగ్గానే ఉంది. మనం చేసే పనికి జనం బాకీ పడతారనుకునేవాడు రాజకీయంలోకి రాకూడదు, వడ్డీ వ్యాపారంలోకి వెళ్ళాలి. మొక్కలు పాతిన రోజు నుంచీ ఆ దారిన వెళ్ళినప్పుడల్లా వాటిని మాత్రం చూసేవాణ్ణి. పడవలో చూసిన తోట మళ్ళీ నేల మీదకి వస్తుందా లేదా అని. అదొక్కటే నాకు కావలసిన ఫలితం.

నిన్న పొద్దున్న అబ్బులు ఆటోలో వచ్చాడు. జుట్టు నెరిసింది. ఇప్పుడు చెట్టెక్కడు, కిందుండి ఎక్కేవాళ్ళ మీద కేకలేస్తాడు. బస్తా అరుగు మీద దించి, "కాలనీలో తొలి దింపండీ. ఇంటికో కాయ మీకిమ్మన్నారు" అన్నాడు.

నా సంతోషం ఎలా చెప్పను? బస్తా విప్పి అరుగు మీదే కూర్చుని లెక్కపెట్టాను. ఒకటి అనకూడదు కదా, లాభం, రెండు, మూడు... ఇరవై రెండు. మళ్ళీ పెట్టాను. ఇరవై రెండే.

"ఒకటి తక్కువుంది అబ్బులూ. ఎవరింటిది రాలేదు?" అన్నాను. అనేలోపే నాలో మాజీ ఎమ్మెల్యే ఇద్దరు ముగ్గుర్ని అనుమానించేశాడు కూడా. మరియమ్మగారి పేరు ముందు తట్టింది.

అబ్బులు పడవలో చూసినట్టే చూశాడు.

"అందరూ ఇచ్చేరండీ. మొదటిది మరియమ్మగారి చెట్టుదే, గోదారమ్మకిచ్చేసేం. రసీదడక్కండి, ఆవిడివ్వదు."